మార్జిన్ పాజిటివ్

పోయిన వారం మాస్టరమ్మను ఆసుపత్రి మంచం మీద కూర్చోబెట్టి వదిలాం. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆమె కుడికాలి మడమకు ఆపరేషన్. ఏడాదిపాటు ఆనికాయ అనుకుని బ్లేడుతో గీకించుకున్న నల్లమచ్చ ఆనికాయ కాదని, చర్మానికి వచ్చే క్యాన్సర్లలో మొండి రకమని తేలింది. వీధి చివరి క్లినిక్కులో ఒకసారి కోసి తీశారు. కుట్లు మానాక వాటి చుట్టూ మళ్ళీ నలుపు పాకింది. ఒక పెద్దాసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేయాలన్నారు. "ఈ కాలు నాతో వచ్చింది, నాతోనే వస్తుంది" అని, ఆ కాలి మీదే నడిచి బయటికొచ్చేసింది. ఈ మూడో ఆసుపత్రిలో సర్జనమ్మ కాలు నిలబెడతానంది. ఇక ఒక రాత్రి గడిస్తే చాలనుకుంటున్న వేళ, క్లినిక్కు వాళ్ళ పాత రిపోర్టు చేతికి రాగానే ఆ సర్జనమ్మ మొహం మారింది.

"మొదటి రోజు మీరు ల్యాబు వాళ్ళ గాజు స్లయిడ్లు తెచ్చారు గానీ ఈ కాగితం తేలేదు," అందామె. "దీని మీద తేదీ చూస్తే రెండున్నర నెలలైంది. ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఎందుకు ఆగారమ్మా?"

మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగు మంచాల గది. రెండు ఖాళీ, మూడోదాని మీద ఎవరో మొహానికి తువ్వాలు కప్పుకుని నిద్రపోతున్నారు. కిటికీలోంచి చూస్తే చాకిరేవు పెరడు, తీగల మీద వరసగా ఆరేసిన ఆసుపత్రి గౌన్లు. ఆకుపచ్చ తెరకు సగం రింగులు లేక ఒక పక్కకు జారిపోయి ఉంది. ఇనప స్టూలు మీద ఆడపడుచు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోడ పక్కన మొగుడు నిలబడ్డాడు. కుట్టుమిషన్ల మెకానిక్ అతను. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు.

మాస్టరమ్మ గోడకు దిండు ఆనించుకోలేదు. పొద్దుటి నుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. గౌను పొట్టిదైందని సిగ్గుపడుతోంది కాబోలనుకున్నారు అందరూ.

"ఆగటమేంటి డాక్టరమ్మా," అంది. "అందులో మంచే రాశారుగా. మార్జిన్ పాజిటివ్ అని."

సర్జనమ్మ కలానికి మూత పెట్టబోతూ ఆగింది. "మీరే చదివారా?"

"నేనే. ఆ పొడుగు పొడుగు మాటలు నాకు నోరు తిరగవు. ఆ రెండు మాటలూ తెలుసు. అందులో ఒకటి నాకు అన్నం పెట్టే మాట."

"మార్జిన్ అంటే ఏంటమ్మా మీ లెక్కలో?"

ఆ ప్రశ్న మాస్టరమ్మకు భలే నచ్చింది. నలభై మిషన్ల కార్ఖానాలో గుడ్డ కత్తిరించే కటింగ్ మాస్టరు ఆమె ఒక్కతే. పని చెప్పమని అడిగితే ఆమెకు నొప్పి గుర్తుండదు. గౌను పక్క కుట్టు పట్టుకుని లోపలి వైపు తిప్పి చూపించింది.

"ఈ ఆసుపత్రి గౌన్లు మా కార్ఖానావే. ఇదిగో, ఈ గౌను నేను కత్తిరించిందే. కుట్టింది మాత్రం ఎవరో గానీ వాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలి, అది వేరే సంగతి. లోపల అర అంగుళం గుడ్డ వదిలా, చూడండి. దీన్నే మార్జిన్ అంటాం. మనిషి ఒళ్ళు చేస్తే విప్పి వదులు చేసుకోవచ్చు. మార్జిన్ లేని బట్ట ఒకసారి బిగిసిందంటే మూల పడెయ్యాల్సిందే. మార్జిన్ ఉందంటే ఆ బట్ట బతికినట్టే. పైగా పాజిటివ్ అని కూడా రాశారు. ఇంకేం కావాలి? ఆ రోజు కార్ఖానా మొత్తానికి నేనే టీ పోయించా."

సర్జనమ్మ నవ్వలేదు. ఖాళీ మంచం అంచున కూర్చుంది. డాక్టర్లు కూర్చున్నారంటే మాట నిలబడి చెప్పేది కాదని మాస్టరమ్మకు ఈ మూడు వారాల్లో తెలిసొచ్చింది.

"మా దగ్గర ఆ మాట తిరగబడి ఉంటుందమ్మా," అంది సర్జనమ్మ. "మచ్చను కోసేటప్పుడు దాని చుట్టూ కొంచెం మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తాం. ఆ ముక్క అంచులను ల్యాబులో భూతద్దం కింద చూస్తారు. అంచుల్లో జబ్బు లేకపోతే నెగటివ్ అని రాస్తారు. అదే మంచి మాట. పాజిటివ్ అన్నారంటే కత్తి పడ్డ చోట కూడా జబ్బు ఉందని. అంటే ముక్క ఇటు వచ్చింది, అటు వైపు..."

"అటు వైపుది నా కాల్లోనే ఉండిపోయింది."

"అవునమ్మా."

మాస్టరమ్మ గౌను అంచు వదిలేసింది. అర అంగుళం గుడ్డ దానంతటది లోపలికి మడుచుకుంది. ఏ మాట చూసి అంత సంబరపడిందో ఆ మాటే మడమ కింద కూర్చుని రెండున్నర నెలలు పెరిగింది. ముప్పయ్యేళ్ళుగా ఎవరి చేతిలో కత్తెర పెట్టినా, కొయ్యబోయే ముందు ఇంకోసారి కొలవమని చెప్పే మనిషి ఆమె. ఈ ఒక్క మాటను రెండోసారి కొలవలేదు.

"అప్పుడే వచ్చుంటే?" అని అడిగింది.

"బాగుండేది. అబద్ధం చెప్పను. ఇప్పుడు ఆలస్యమైంది, అంతే. చెయ్యి దాటిపోలేదు."

మాస్టరమ్మ కాసేపు కిటికీ అవతలి గౌన్లను చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పింది.

"వదినా, ఈ కాగితం ఎక్కడ దొరికిందన్నావు?"

"వీడి పనిముట్ల పెట్టెలో," అంది ఆడపడుచు. "సంచిలో పెట్టడానికి నీ కాగితాలన్నీ వెతుకుతుంటే, నూనె డబ్బా కింద మడతపెట్టి ఉంది."

"ఏమయ్యా, ఇంటి కాగితాలన్నీ అలమారలో ఉంటే ఇదొక్కటి నూనె డబ్బా కిందికి ఎందుకు పోయింది?"

మెకానిక్ జేబులోని స్క్రూడ్రైవరు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీకు తెలుసా?"

అతను తలకాయ దించుకున్నాడు. అంతకంటే సమాధానం అక్కర్లేకపోయింది. అయినా చెప్పాడు.

"మర్నాడు క్లినిక్కుకు వెళ్ళి కాంపౌండర్ని అడిగా. పాజిటివ్ అంటే ఇంకా మిగిలి ఉందని, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాడు. నీకు చెప్దామనే వచ్చా మాస్టరమ్మా. వచ్చేసరికి నువ్వు కటింగ్ బల్ల మీద కూర్చుని, కాలు ఊపుతూ, బటన్లు కుట్టే పిల్లలతో పరాచికాలాడుతున్నావు. నువ్వట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో. నోరు పెగల్లేదు. పోనీ స్కూలు యూనిఫాముల పని అయ్యాక చెప్దాం, పదిహేను రోజులేగా అనుకున్నా. పదిహేను కాస్తా నెలైంది. తర్వాత ఇంతకాలం ఎందుకు దాచావంటావని భయమేసింది."

భార్యను అందరిలాగే మాస్టరమ్మా అని పిలవడం అతనికి పెళ్ళైన కొత్తలో మొదలైన వేళాకోళం. ఇవాళ అందులో వేళాకోళం లేదు.

"సూది వంకరపోయిన మిషన్ను మాట్లాడకుండా తుడిచి ఇచ్చేస్తావా ఎవరికైనా?" అంది మాస్టరమ్మ. గొంతు పెంచలేదు. "కుట్టే పిల్ల వేలు తెగుతుందని నలుగురికీ వినపడేలా అరుస్తావు. నాకు తెలుసు నీ సంగతి. మరి నా కాలు మిషన్ పాటి చెయ్యలేదా?"

"నీ నవ్వు చూసి..."

"నా నవ్వు నువ్వు దాచుకున్నావు. దాని ఖరీదు నా మడమ కట్టింది. ఆ కాగితం తప్పుగా చదివింది నేను, ఒప్పుకుంటా. సరిగ్గా చదివినవాడివి నువ్వు. ఎవరిది పెద్ద తప్పో నువ్వే చెప్పు."

మూడో మంచం మీది మనిషి తువ్వాలు కొంచెం జరిపి, ఒక కన్నుతో చూసి, మళ్ళీ కప్పుకుంది.

అప్పుడు ఆడపడుచు ఒంటికాలి మీద లేచింది.

"వాణ్ణి అంటావేంటి? అసలు మొదటిసారి కత్తి పెట్టించుకోవడమే తప్పని నెత్తీనోరూ కొట్టుకున్నా. కెలికారు, పాకింది. మా ఆయనకేమైంది? కడుపు కోశారు, చూశారు, మూశారు. నలభై రోజుల్లో పోయాడు. ఇనుము తగిలితే ఊరుకునే జబ్బు కాదిది. రేపు మళ్ళీ కోస్తారంట. నేను కత్తి పడనివ్వను."

"ఒంటికాలి మీద లేవాల్సింది నేను వదినా. నువ్వు కూర్చో."

ఆ మాటకు సర్జనమ్మకు నవ్వాగలేదు. ఆడపడుచు మాత్రం కూర్చోలేదు. ఇరవయ్యేళ్ళు అదే కార్ఖానాలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆమె. ఆవిరి దెబ్బలతో చేతులు మోచేతి దాకా మచ్చలే. ఆ చేతులతోనే ఈ మూడు వారాలు మరదలి కాలు కడిగి, తుడిచి, గుడ్డ చుట్టింది. ఆమె మొండితనమంతా భయమేనని మాస్టరమ్మకు తెలుసు.

"మా ఎదురింటి పోస్టుమాను ముక్కు మీద మచ్చ లేచింది," అంది ఆడపడుచు సర్జనమ్మ వైపు తిరిగి. "దాన్నీ క్యాన్సరే అన్నారు. ఆరు వారాలు పూతమందు రాశాడు. పొక్కు కట్టి ఊడిపోయింది. ఇప్పుడు ముక్కు అద్దంలా ఉంది. దీనికి లేదా ఆ మందు? పోనీ కరెంటు పెట్టండి. కోయడం తప్ప ఇంకేం రాదా మీకు?"

ఈ మాటకు కోపం తెచ్చుకునే డాక్టర్లుంటారు. సర్జనమ్మ ఆమెకు స్టూలు చూపించి, కూర్చునేదాకా ఆగింది.

"పోస్టుమానుది నిజమే అయ్యుంటుందమ్మా. చర్మం క్యాన్సర్లన్నీ ఒక రకం కాదు. పైపైనే ఉండి, నిదానంగా పాకేవి ఉంటాయి. వాటిలో కొన్నిటికి పూతమందు చాలు. కొన్నిటిని గడ్డకట్టే చల్లదనంతో మాడ్చేస్తాం. మొహం మీద కొయ్యడానికి వీల్లేని చోట మీరన్న కరెంటు, అంటే రేడియేషన్ పెడతాం. మీ మరదలిది నల్లమచ్చల జాతి, మెలనోమా అంటాం. ఇది పక్కకు పాకడమే కాదు, లోతుకూ దిగుతుంది. పూతమందు ఆ లోతుకు వెళ్ళదు. కరెంటుకు కూడా ఇది ఓ పట్టాన లొంగదు. దీన్ని ముందు శుభ్రంగా తియ్యాలి. లోపలికి వెళ్ళిందేమో చూడాలి. వెళ్తే, ఒంట్లో కాపలా కాసే కణాలను తట్టిలేపే మందు ఉంది, నరంలోకి ఎక్కిస్తాం. అందరికీ పని చేస్తుందని చెప్పను. చాలామందికి చేస్తోంది."

"కత్తి తగిలి పాకితేనో?"

"మీ ఆయనకు కత్తి వల్ల పాకలేదమ్మా. కోసి చూసేసరికే పాకి ఉంది. ఇంట్లోవాళ్ళకు చివరికి కత్తే గుర్తుండిపోతుంది."

ఆడపడుచు సంచి తాడు వేలికి చుట్టుకుంది. పదకొండేళ్ళుగా ఆమె కోపగించుకున్నది కత్తి మీద. ఇప్పుడు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక కూర్చుంది.

"మరి కాలు తీయాలన్న ఆ పెద్దాసుపత్రి వాళ్ళ మాటే వింటే?" అన్నాడు మెకానిక్, గోడ దగ్గర నుంచే. "కాలు తీసేస్తే మొత్తం పోతుందేమో. నాకు మనిషి మిగిలితే చాలు."

"నాకు చాలదు," అంది మాస్టరమ్మ. "నలభై పొరల గుడ్డ పరిచి, బల్ల చుట్టూ తిరుగుతూ కొయ్యాలి నేను. నువ్వో రోజు ఒక్క కాలి మీద కోసి చూపించు, ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"కాలు మొత్తం తీసినా, చుట్టూ చాలినంత తీసి కాలు ఉంచినా, మనిషి బతికే అవకాశంలో పెద్ద తేడా ఉండదు," అంది సర్జనమ్మ. "కాలు తీయక తప్పని రోజులు కొందరికి వస్తాయి. ఈమె మడమ చూస్తే నాకు అలా అనిపించలేదు."

"విన్నావుగా. డాక్టరమ్మా, చాలినంత అంటే ఎంత?"

"కనిపించే నలుపు అంచు నుంచి చుట్టూ రెండు సెంటీమీటర్లు."

"ముప్పావు అంగుళం, పైన ఇంకో వెంట్రుకవాసి."

మాస్టరమ్మ చేతిసంచిలోంచి సుద్దబిళ్ళ తీసింది. నీలం రంగుది, అరిగి తమలపాకంత పలచనైంది. ఒళ్ళో దిండును కదపకుండానే కుడికాలిని ఎడమ మోకాలి మీదికి ఎత్తుకుంది. మెడలో టేపు లేదు గానీ ఆమె బొటనవేలి వెడల్పు సరిగ్గా ముప్పావు అంగుళం. నలుపు చుట్టూ వేలు ఆనిస్తూ, చుక్కలు పెట్టుకుంటూ వచ్చి, చుక్కలు కలిపింది. గుండ్రం పూర్తయ్యేసరికి మడమ దాదాపు మొత్తం నీలి గీత లోపల ఉంది.

సర్జనమ్మ ఒంగి చూసింది.

"నేను గీసినా ఇక్కడే గీస్తాను," అంది. "ఇక్కడ మాత్రం ఇంకో వెంట్రుకవాసి బయటికి."

"మరి ఇంత చిల్లు దేంతో మూస్తారు? లాగి కుడితే పిగిలిపోదూ?"

"లాగం. అరికాలి వంపులో చర్మం నేలకు ఆనదు, చూడండి. మడమ చర్మం లాగే దళసరి. దాన్ని మూడు వైపులా కోసి, రక్తనాళం తెగకుండా, ఇటు తిప్పి మడమ మీద పరుస్తాం. వంపులో ఖాళీ అయిన చోట తొడ నుంచి పలచటి పొర తీసి అతికిస్తాం. బరువు పడని చోటు కాబట్టి అది సరిపోతుంది."

మాస్టరమ్మ సుద్దతో అరికాలి వంపులో ఒక ముక్క గీసి, దాన్ని మడమ వైపు తిప్పుతున్నట్టు గాల్లో చెయ్యి తిప్పి చూసింది. మొహం విచ్చుకుంది.

"ప్యాంటు మోకాలు చిరిగితే కింద మడతలోంచి గుడ్డ తీసి వేస్తాం. అదే గుడ్డ, అదే రంగు, పోగు కూడా అటే నడుస్తుంది. బయట గుడ్డ తెచ్చి వేస్తే మొదటి ఉతుక్కే ముడుచుకుపోతుంది. బాగుంది డాక్టరమ్మా. ఇది పని తెలిసినవాళ్ళ ఆలోచన."

"ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదు."

"ఎత్తు స్టూలు చేయిస్తా. ఆరు వారాలు నోటితో కత్తిరిస్తా, మా పిల్లలు చేత్తో కోస్తారు." మొగుడి వైపు చూసింది. "స్టూలు నువ్వే చెయ్యాలి. కాళ్ళు నాలుగూ సమంగా ఉండాలి."

మెకానిక్ తలెత్తాడు. ఆమె క్షమించలేదని అతనికి తెలుసు. పని చెప్పింది, అది చాలు.

సర్జనమ్మ ఒప్పుకోలు పత్రం తీసి పలక మీద పెట్టింది. మాస్టరమ్మ కలం అందుకుని, సంతకం పెట్టేముందు ముగ్గురినీ చూసింది.

"ఒక్క మాట. ఇకమీద ఈ కాలి గురించి నాకు తెలియని సంగతి ఈ గదిలో ఎవరి దగ్గరా ఉండకూడదు. నా మొహం చూసి జాలి పడొద్దు. మంచైనా చెడైనా ముందు నా చెవిలో పడాలి. దాచినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా సరే, నాకు పరాయివాళ్ళే."

"సరే," అంది సర్జనమ్మ. "మరి నేనూ ఒకటి అడగాలి. ఆపరేషన్ ముందు రోజు అందరినీ అడిగేదే. మూడు వారాల కిందట చూసినప్పుడు ఏమీ లేదు. ఆ తర్వాత గజ్జల్లో బిళ్ళలాంటిది ఏమైనా కట్టిందా? జబ్బు మడమ దాటితే ముందు చేరేది అక్కడికే."

"లేదు," అంది మాస్టరమ్మ.

ఆ మాట ఆమె నోట్లోంచి ఊడిపడినంత తొందరగా వచ్చింది. సర్జనమ్మ కాగితం మీద రాసుకోబోయింది.

కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కట్టడం ఎవరెరగరు? పది రోజుల కిందట స్నానం చేస్తుండగా చేతికి తగిలినప్పుడు మాస్టరమ్మ కూడా అలాగే సరిపెట్టుకుంది. నొప్పి లేదు. చొక్కా బటనంత, అటూ ఇటూ కదిలింది. మూడు రోజుల తర్వాత కోటు బటనంత అయింది. అప్పుడు కదలడం మానేసింది. చెబితే కాలు తీసేద్దామంటారని చెప్పలేదు. పొద్దుటి నుంచి దిండు ఒళ్ళోంచి దించనిదీ అందుకే.

కలం ఆమె చేతిలోనే ఉంది. ఎదురుగా మొగుడు, తలకాయ దించుకుని, నూనె మరకల చేతులు వెనక్కి పెట్టుకుని, రెండున్నర నెలలు మోసిన సంగతి ఇవాళ దించుకున్న మనిషి. అతనిని అడిగిన మాటలన్నీ ఇంకా గదిలోనే తిరుగుతున్నాయి. అందులో ఒక్కటి కూడా తనకు తగలకుండా పోలేదు.

"రాయకండి డాక్టరమ్మా."

సర్జనమ్మ తలెత్తింది.

మాస్టరమ్మ దిండు తీసి పక్కన పెట్టింది. గౌను మీద నుంచే, కుడి తొడ మొదట్లో, సుద్దబిళ్ళతో చిన్న సున్నా చుట్టింది.

"ఇక్కడ కూడా ఒక గుర్తు పడాలి. పది రోజులైంది. ఇందాక ఆయన్ని అడిగినవన్నీ నన్నూ అడగొచ్చు, పడతాను. కాలు మాత్రం అడక్కండి."

మెకానిక్ రెండడుగులు ముందుకొచ్చి ఆగిపోయాడు. ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సర్జనమ్మ తెర వచ్చినంత మేర లాగి, చేతులు రుద్దుకుని, సున్నా గీసిన చోట రెండు వేళ్ళు ఆనించింది. వేళ్ళు మెల్లగా చుట్టూ తిరిగాయి. ఒకచోట నిలిచాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

తర్వాత ఆమె గోడ మీది ఫోను తీసింది.

"రేపు ఎనిమిదింటి మడమ ఆపరేషన్ ఆపండి," అంది. "సూది పరీక్షకు గది సిద్ధం చెయ్యండి. ఇప్పుడే. స్కానుకు కూడా చెప్పండి."

ఫోను పెట్టి ఇటు తిరిగేసరికి మాస్టరమ్మ మంచం దిగి నిలబడి ఉంది. నీలి గీతల మడమ పూర్తిగా నేలకు ఆనించి, రెండు కాళ్ళ మీదా. సంతకం లేని పత్రం ఆమె చేతిలో ఉంది.

"ఆపటమంటే ఏంటో చెప్పండి డాక్టరమ్మా," అంది. "ఈసారి పాజిటివ్, నెగటివ్ అనకుండా, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో చెప్పండి. మీరు చెప్పాక నేను తిరిగి మీకు అప్పజెప్తా. తప్పు పోకూడదు."

సర్జనమ్మ ఆమె కళ్ళలోకి చూసింది. తర్వాత ఖాళీ మంచం అంచున మళ్ళీ కూర్చుంది.